తాత్కాలిక మెమరీ మ్యాపింగ్

ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ ఒక మెమరీ పేజీని కాసేపటి కోసం తన చిరునామాల పరిధిలోకి తెచ్చుకుని, పని కాగానే వదిలేసే పద్ధతిని తాత్కాలిక మెమరీ మ్యాపింగ్ అంటారు. ఆ పేజీ ర్యామ్‌లో ముందునుంచీ ఉంటుంది. దాన్ని చదవడానికీ, దాని మీద రాయడానికీ కెర్నెల్ చేతిలో వర్చువల్ చిరునామా మాత్రం ఉండదు. ఆ చిరునామాను అరువుగా ఇచ్చే ఏర్పాటు ఇది. లినక్స్‌లో కేమ్యాప్, కేమ్యాప్_అటామిక్, కేమ్యాప్_లోకల్_పేజ్ అనే మూడు ఫంక్షన్లు మూడు తరాలుగా ఈ పని చేశాయి. ఫ్రీబీఎస్‌డీలో ఎస్ఎఫ్_బఫ్, విండోస్‌లో హైపర్‌స్పేస్, ఎల్4 మైక్రోకెర్నెల్‌లో కమ్యూనికేషన్ విండో ఇదే కోవలోకి వస్తాయి.

వర్చువల్ మెమరీ పాఠాన్ని పుస్తకాలు సాధారణంగా ‘ర్యామ్ తక్కువ, ప్రోగ్రాములు ఎక్కువ’ అన్న చోట మొదలుపెడతాయి. ఈ అంశం అందుకు తలకిందులు. ఇక్కడ ర్యామ్ దండిగా ఉంటుంది. దాన్ని పేరుపెట్టి పిలిచే చిరునామాలకే కరువు.

జాగా ఉంది, నంబరు లేదు

రంగారెడ్డి జిల్లాలో మొయినాబాద్, చేవెళ్ల మధ్య ఉన్న కనకమామిడి లాంటి ఊళ్లో ఈ సంగతిని రైతుకు విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు. పొలం కళ్ల ముందే ఉంటుంది, అందులో టమాటా కాస్తుంది. కానీ పాసుపుస్తకంలో సర్వే నంబరు ఎక్కకపోతే బ్యాంకు అప్పివ్వదు, రిజిస్ట్రేషన్ కాదు. కాగితం దృష్టిలో ఆ పొలం లేనట్టే. పేజింగ్ మొదలయ్యాక ప్రాసెసర్ కూడా కాగితాన్నే నమ్ముతుంది. ఏ ఆదేశమైనా వర్చువల్ చిరునామానే పట్టుకొస్తుంది. దానికి ఎదురుగా ఏ భౌతిక పేజీ ఉందో పేజీ టేబుల్ అనే రిజిస్టరు చెప్పాలి. రిజిస్టరులో గీత లేకపోతే పేజీ ఫాల్ట్. కెర్నెల్‌కు కూడా దీని నుంచి మినహాయింపు లేదు.

పేజీ అంటే ఎక్కువ యంత్రాల్లో 4 కిలోబైట్లు. పేజీ టేబుల్ కూడా మెమరీలోనే ఉంటుంది కాబట్టి ప్రతిసారీ దాన్ని తిరగేస్తే ఆలస్యం. అందుకే ఈమధ్య చూసిన గీతల నకళ్లను ప్రాసెసర్ తన లోపల టీఎల్‌బీ అనే చిన్న నిల్వలో దాచుకుంటుంది. తాత్కాలిక మ్యాపింగ్‌లో చిక్కంతా ఈ నకళ్ల దగ్గరే వస్తుంది. గీత రాయడం తేలిక. గీత చెరిపాక నకళ్లన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి చింపడం కష్టం.

పోలిక ఇంకొంచెం ముందుకు పోవాలంటే పొలాన్ని వదిలి అంగడికి రావాలి. వారం అంగడిలో రోడ్డు పక్క జాగా ఎవరి సొంతమూ కాదు. పొద్దున ఒకరు గోనెపట్టా పరిచి వంకాయలు పోస్తారు, సాయంత్రానికి ఎత్తేస్తారు. మళ్లీ వారం అక్కడ మరొకరు పూలు పెట్టుకుంటారు. జాగాలు పదహారే అయినా ఏడాదిలో వందల మంది సరుకు అక్కడ చేతులు మారుతుంది. కెర్నెల్ కూడా కొన్ని వర్చువల్ చిరునామాలను ఇలాగే పక్కన పెట్టుకుని, వాటి మీదికి ఒకదాని తర్వాత ఒకటిగా వేర్వేరు పేజీలను తెచ్చుకుంటుంది.

పాత యంత్రాల పాట్లు

ఈ కరువు లినక్స్‌తో మొదలైంది కాదు. ఎన్ని బిట్లతో చిరునామా రాస్తామో అన్ని బిట్ల మేరకే చూపు ఆనుతుంది. 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్ 1969లో తెచ్చిన టీడీసీ-12 పన్నెండు బిట్ల కంప్యూటరు. పన్నెండు బిట్ల సంఖ్యతో లెక్కపెట్టగలిగేవి 4,096 మాత్రమే. తర్వాత అదే సంస్థ తెచ్చిన టీడీసీ-316 పదహారు బిట్లది. పదహారు బిట్లకు లెక్క 65,536 దగ్గర ఆగుతుంది.

ఆ రోజుల్లో ప్రపంచమంతా వాడిన పదహారు బిట్ల పీడీపీ-11లో యూనిక్స్ కెర్నెల్ సరిగ్గా ఈ ఇరుకులోనే బతికింది. యంత్రంలో మెమరీ 256 కిలోబైట్లు, పెద్ద మోడళ్లలో 4 మెగాబైట్ల దాకా ఉండేది. కెర్నెల్‌కు ఒక్కసారిగా కనిపించే డేటా మాత్రం 64 కిలోబైట్లే, అదీ ఎనిమిదేసి కిలోబైట్ల ఎనిమిది ముక్కలుగా. బర్కిలీ వాళ్ల 2బీఎస్‌డీ వరసలో డిస్కు బఫర్లను కెర్నెల్ పరిధి బయటకు నెట్టారు. బఫరు కావలసినప్పుడు మ్యాపిన్ అనే ఫంక్షన్ దాన్ని ఐదో నంబరు ముక్క మీదికి తెస్తుంది. పని అయ్యాక మ్యాపౌట్ పాత స్థితిని తిరిగి పెడుతుంది. మధ్యలో ఇంటరప్ట్ (పరికరం నుంచి వచ్చే అత్యవసర పిలుపు) వచ్చి తనకూ అదే ముక్క కావాలంటే ముందున్నదాన్ని దాచి, వాడుకుని, పోయేముందు యథాస్థానంలో పెట్టిపోవాలి. దశాబ్దాల తర్వాత లినక్స్ తంటాలు పడిన సమస్య మొత్తం ఈ చిన్న యంత్రంలో అప్పటికే ఉంది.

డాస్ కాలంలో లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి 1985లో తెచ్చిన ఈఎంఎస్ పద్ధతి ఇంకో మజిలీ. 640 కిలోబైట్ల హద్దు దాటిన మెమరీని 64 కిలోబైట్ల కిటికీలోంచి, పదహారేసి కిలోబైట్ల నాలుగు రెక్కలుగా చూసేవారు. పెద్ద స్ప్రెడ్‌షీట్లు ఆ కిటికీ పుణ్యమా అని తెరుచుకున్నాయి.

896 మెగాబైట్ల గీత

ముప్పై రెండు బిట్లు వచ్చాక 4 గిగాబైట్ల చిరునామాలు దొరికాయి. ఇక చాలు అనుకున్నారు, కొన్నాళ్లు చాలాయి కూడా. ఇంటెల్ యంత్రాల మీద లినక్స్ ఈ నాలుగింటిని మూడు, ఒకటిగా పంచింది: కింది మూడు గిగాబైట్లు ప్రోగ్రాములకు, పై ఒక్కటి కెర్నెల్‌కు. కెర్నెల్ తన వాటాలో 896 మెగాబైట్లను ర్యామ్ మొదటి 896 మెగాబైట్లకు వరసగా అతికించేసింది. ఒక స్థిర సంఖ్యను కలిపితే భౌతిక చిరునామా నుంచి వర్చువల్ చిరునామా వచ్చేస్తుంది, తీసేస్తే వెనక్కి. ఇంతకన్నా చవకైన లెక్క లేదు. మిగిలిన 128 మెగాబైట్లు పరికరాల రిజిస్టర్లకు, చెల్లాచెదురు పేజీలను వరసగా చూపే వీమ్యాలాక్‌కు, ఇతర అవసరాలకు పోయాయి.

ఆ గీతకు ఇవతలి ర్యామ్‌కు లోమెమ్ అని, అవతలి దానికి హైమెమ్ అని పేర్లు. ఒక గిగాబైట్ ర్యామ్ ఉన్న యంత్రంలో 128 మెగాబైట్లు అవతలికి పోతాయి. 1995లో పెంటియం ప్రోతో వచ్చిన పీఏఈ సదుపాయం భౌతిక చిరునామాను 36 బిట్లకు పెంచి, 64 గిగాబైట్ల ర్యామ్ పెట్టుకునే వీలిచ్చింది. వర్చువల్ వైపు మాత్రం 32 బిట్లే. ఊరు పదహారింతలు పెరిగింది, రిజిస్టరులో గీతలు మాత్రం పెరగలేదు.

1999లో సీమెన్స్‌కు చెందిన గెర్హార్డ్ విచర్ట్, సుసేకు చెందిన ఆండ్రియా ఆర్కాంజెలీ హైమెమ్ పని మొదలుపెట్టారు. అదే ఏడాది ఇంగో మోల్నార్ దాన్ని తిరగరాసి, ఫైళ్ల డేటాను దాచుకునే పేజీ క్యాష్‌ను హైమెమ్‌లోకి తరలించాడు. నిద్రపోగలిగే కేమ్యాప్‌లకు మూలం లైనస్ టోర్వాల్డ్స్ ఆలోచన అని హైమెమ్ సోర్సు ఫైలు తల దగ్గరే రాసి ఉంటుంది. 2001 జనవరిలో వచ్చిన లినక్స్ 2.4తో ఇది అందరికీ చేరింది.

హైమెమ్‌లోకి అన్నీ పోలేవు. ప్రోగ్రాముల పేజీలు, పేజీ క్యాష్ పోగలవు. ప్రాసెస్‌ల వివరాలు, ఐనోడ్‌లు, నెట్‌వర్కు పట్టికలు వంటి కెర్నెల్ సొంత సామాను ఎప్పుడూ చేతికి అందేలా ఉండాలి కాబట్టి లోమెమ్‌లోనే ఉండాలి. పైగా ప్రతి భౌతిక పేజీకీ కెర్నెల్ ఒక చిన్న లెక్కచీటీ రాసుకుంటుంది. చీటీకి 32 బైట్లు అనుకున్నా, 64 గిగాబైట్లలోని కోటీ 67 లక్షల పైచిలుకు పేజీలకు 512 మెగాబైట్లు కావాలి. అంటే 896లో సగానికి పైగా చీటీలకే సరి. ఎన్నో గిగాబైట్లు ఖాళీగా ఉండగా లోమెమ్ నిండిపోయి, కెర్నెల్ ప్రోగ్రాములను చంపడం మొదలుపెట్టే వింత అందుకే జరిగేది. 2003లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 3 హ్యూజ్‌మెమ్ కెర్నెల్ ప్రోగ్రాములకు నాలుగు గిగాబైట్లు, కెర్నెల్‌కు వేరే నాలుగు గిగాబైట్లు ఇచ్చి ఈ ఇరుకును తప్పించింది. కానీ కెర్నెల్‌లోకి వచ్చినప్పుడల్లా, పోయినప్పుడల్లా టీఎల్‌బీ ఖాళీ చేయాల్సి వచ్చేది. ఇల్లు పెద్దదే, గడప దాటడానికే సుంకం.

కేమ్యాప్

మొదటి తరం ఏర్పాటు ఇది. యంత్రం మొత్తానికి 1,024 చిరునామా గదులు, అంటే 4 మెగాబైట్లు; పీఏఈ ఉంటే 512 గదులు, 2 మెగాబైట్లు. కేమ్యాప్‌కు ఒక పేజీ ఇస్తే అది లోమెమ్ పేజీ అయితే కూడిక చేసి చిరునామా ఇస్తుంది. హైమెమ్ పేజీ అయితే ఖాళీ గది చూసి, పేజీ టేబుల్‌లో గీత రాసి ఇస్తుంది. అదే పేజీని ఇంకెవరైనా అడిగితే కొత్త గది ఇవ్వదు, పాత గది లెక్క ఒకటి పెంచుతుంది. గదులన్నీ నిండితే అడిగినవాళ్లు నిద్రపోవాలి.

ఆ లెక్క ఉంచే తీరు ముచ్చటగా ఉంటుంది. సున్నా అంటే గది పూర్తిగా ఖాళీ. రెండు అంటే ఒకరు వాడుతున్నారు, మూడు అంటే ఇద్దరు. మరి ఒకటి అంటే? ఎవరూ వాడటం లేదు, కానీ టీఎల్‌బీల్లో పాత నకలు ఇంకా ఉండొచ్చు. అద్దెకున్నవాళ్లు వెళ్లిపోయారు, తాళంచెవి మాత్రం తిరిగిరాలేదు. గది ఖాళీ అయినప్పుడల్లా అన్ని ప్రాసెసర్లకూ కబురు పెట్టి నకళ్లు చింపించడం దండగ. అందుకని గదుల వరస చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి వచ్చినప్పుడు, ‘ఒకటి’ దగ్గర ఉన్నవాటన్నిటికీ కలిపి ఒకేసారి ఆ పని చేస్తారు.

ఇది నాలుగు ప్రాసెసర్ల యంత్రంలో నడిచింది, పెద్ద యంత్రాల్లో కాళ్లకు అడ్డం పడింది. అందరికీ ఒకటే తాళం, అందరికీ ఒకటే గదుల వరస, పైగా అప్పుడప్పుడు అందరినీ ఆపే టీఎల్‌బీ కబురు. ఇంకో ప్రమాదమూ ఉంది. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి కాపీ చేయాలంటే రెండు గదులు కావాలి. గదులన్నీ ఒక్కొక్కటి పట్టుకున్నవాళ్లతో నిండిపోయి, అందరూ రెండోదాని కోసం ఎదురుచూస్తుంటే ఎవరూ కదలరు. గది తీసుకుని, దాన్ని వదిలే కేఅన్‌మ్యాప్‌ను పిలవడం మరచిపోయిన డ్రైవరు అయితే గదులను ఒక్కొక్కటిగా మింగేస్తుంది.

అటామిక్

ఇంటరప్ట్‌లో ఉన్న కోడ్ నిద్రపోకూడదు. అందుకోసం కేమ్యాప్_అటామిక్ వచ్చింది. ఇందులో ప్రతి ప్రాసెసర్‌కూ సొంత గదులు ఉంటాయి. పక్క ప్రాసెసర్ వాటిని ముట్టదు. కాబట్టి తాళం అక్కర్లేదు, నకలు చింపాల్సింది కూడా తన దగ్గర ఒక్కచోటే. ఎంతో వేగం. బదులుగా గది చేతిలో ఉన్నంతసేపూ ఆ పని ప్రాసెసర్‌ను వదలకూడదు, నిద్రపోకూడదు. ప్రీఎంప్షన్‌ను, అంటే నడుస్తున్న పనిని మధ్యలో ఆపి వేరేదాన్ని నడిపించడాన్ని ఆపేస్తారు, పేజీ ఫాల్ట్‌ను సరిదిద్దే పనినీ ఆపేస్తారు.

మొదట్లో ఏ గది ఎవరిదో పేరుతో సహా చెప్పాలి. మామూలు పనికి కేఎం_యూజర్0, కేఎం_యూజర్1; ఇంటరప్ట్‌కు కేఎం_ఐఆర్‌క్యూ0; బౌన్స్ బఫర్లకు ఇంకొకటి. ఒక గదిని వాడే ఫంక్షన్‌ను పిలిచినవాళ్లు అదే పేరుగల గది అప్పటికే వాడుతుంటే వాళ్ల మ్యాపింగ్ చెరిగిపోయేది, తప్పు పేజీలో డేటా పడేది. ఎవరి గది ఎవరిదో గుర్తుపెట్టుకోవడం మనిషి నెత్తిన పెట్టిన ఏర్పాటు ఎప్పుడో ఒకప్పుడు బెడిసికొడుతుంది. పీటర్ జిజ్‌ల్‌స్ట్రా 2010లో చేసిన మార్పుతో, 2.6.37 నుంచి పేర్లు పోయి గదులు దొంతరగా మారాయి. చివర తీసుకున్నది ముందు తిరిగివ్వాలి, అంతే. ఇంటరప్ట్ వస్తే దొంతర మీద తనది పెట్టుకుని, పోయేముందు తీసేసుకుంటుంది. కింద ఉన్నదానికి ఏమీ కాదు. పేరు చెప్పే రెండో ఆర్గ్యుమెంటును కోడ్ అంతటా ఏరివేసే పని 2012లో, 3.4తో పూర్తయింది.

ఫైలు చదివే దారిలో ఈ రెండు తరాలూ కలిసి నడిచిన తీరు చూడదగ్గది. పేజీ క్యాష్‌లోంచి ప్రోగ్రాము బఫరులోకి కాపీ చేయాలి. ప్రోగ్రాము బఫరు పేజీ ఆ క్షణానికి ర్యామ్‌లో లేకపోవచ్చు. అప్పుడు ఫాల్ట్ వస్తుంది. అటామిక్‌లో ఫాల్ట్‌ను సరిదిద్దకూడదు. అందుకని ముందే ఆ బఫరును ఒకసారి తట్టి లోపలికి రప్పించి, తర్వాత కేమ్యాప్_అటామిక్‌తో కాపీ మొదలుపెట్టేవారు. అప్పటికీ ఏదైనా మిగిలిపోతే నెమ్మదైన కేమ్యాప్‌తో మిగతాది ముగించేవారు.

2020లో మూడో తరం

అటామిక్‌తో రియల్‌టైమ్ లినక్స్ వాళ్లకు పడలేదు. ప్రీఎంప్షన్ ఆగిందంటే, ఇంత సమయంలో స్పందిస్తామనే వాళ్ల హామీలు చెల్లవు. దానికి మించిన విడ్డూరం ఇంకొకటి ఉంది. హైమెమ్ లేని 64 బిట్ల యంత్రం మీద కూడా కేమ్యాప్_అటామిక్ ప్రీఎంప్షన్‌ను, ఫాల్ట్‌లను ఆపేది. మ్యాప్ చేసేదేమీ లేదు, అడ్డంకులు మాత్రం యథాతథం. పెళ్లి లేకపోయినా పందిరి గుంజలు పాతినట్టు.

థామస్ గ్లైక్స్‌నర్ 2020 చివర్లో దీన్ని విప్పి మళ్లీ అల్లాడు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన 5.11లో కేమ్యాప్_లోకల్_పేజ్ చేరింది. గదులు ఇప్పుడూ ప్రాసెసర్‌వే, మామూలుగా పదహారు. కానీ వాటిలో ఉన్న సరుకు ఆ థ్రెడ్‌ది. థ్రెడ్ పక్కకు జరిగి ఇంకొకటి నడవాల్సి వస్తే, కెర్నెల్ దాని గదుల గీతలను థ్రెడ్ వివరాల్లో దాచి చెరిపేస్తుంది. మళ్లీ దాని వంతు రాగానే అవే గీతలు అక్కడే రాస్తుంది. ఈలోపు థ్రెడ్ వేరే ప్రాసెసర్‌కు పోకుండా చూస్తుంది, ఎందుకంటే చేతిలో ఉన్న పాయింటరు ఈ ప్రాసెసర్ గదిది. కాబట్టి మధ్యలో నిద్రపోవచ్చు, ఫాల్ట్ తీసుకోవచ్చు. 64 బిట్ల యంత్రంలో అయితే ఇది వట్టి కూడిక.

షరతులు రెండు. తీసుకున్న వరసకు సరిగ్గా తిరుగు వరసలో వదలాలి. ఆ పాయింటరును ఇంకో థ్రెడ్‌కు ఇవ్వకూడదు. అక్కడ ఆ చిరునామాలో వేరే పేజీ ఉండొచ్చు, ఏదీ ఉండకపోవచ్చు కూడా. మూడో తిరకాసు పేర్లలో ఉంది: కేఅన్‌మ్యాప్‌కు పేజీని ఇవ్వాలి, కేఅన్‌మ్యాప్_లోకల్‌కు చిరునామాను ఇవ్వాలి. పాత అలవాటుతో రాసేవాళ్లు ఇక్కడ తడబడతారు. ఆ తర్వాతి ఏళ్లలో ఐరా వీనీ, ఫాబియో డి ఫ్రాన్సెస్కో వంటివాళ్లు ఫైల్‌సిస్టమ్‌లలో, డ్రైవర్లలో పాత పిలుపులను ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చారు. మార్చడమంటే పేరు మార్చడం కాదు. ప్రతి చోటా ఈ పాయింటరు ఎక్కడికి పోతోంది, ఎవరు వదులుతున్నారు, ఏ వరసలో వదులుతున్నారు అని చదవాలి. మ్యాప్ చేసి, కాపీ చేసి, వదిలే మూడు మెట్లను ఒక్కటిగా చుట్టిన మెమ్‌సీపీవై_టు_పేజ్ లాంటి ఫంక్షన్లు వచ్చాక ఈ చదువు చాలాచోట్ల అక్కర్లేకుండా పోయింది.

పక్క ఇళ్లలో

ఫ్రీబీఎస్‌డీ వాళ్లు దీన్ని ఖర్చు వైపు నుంచి చూశారు. 2005లో రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఖాలెద్ ఎల్‌మెలీగీ, అనుపమ్ చందా, అలాన్ కాక్స్, స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్‌కు చెందిన విల్లీ జ్వానెపోల్ యూజ్‌నిక్స్ సదస్సులో ప్రచురించిన పత్రం, పైపులు, సెండ్‌ఫైల్ వంటి చోట్ల తాత్కాలిక మ్యాపింగ్‌లకు ఒకే ఉమ్మడి ఏర్పాటుగా ఎస్ఎఫ్_బఫ్‌ను ప్రతిపాదించింది. అందులో ఒక కిటుకు ఉంది. ఇంటెల్ పేజీ టేబుల్ గీతలో ‘ముట్టుకున్నారు’ అని ప్రాసెసర్ గుర్తుపెట్టే బిట్ ఒకటి ఉంటుంది. మ్యాప్ చేసిన పేజీని ఎవరూ తాకకపోతే ఆ బిట్ వెలగదు. అంటే ఏ టీఎల్‌బీలోనూ నకలు లేదు, కబురు అక్కర్లేదు. సెండ్‌ఫైల్‌లో నెట్‌వర్కు కార్డే డేటా చదువుకుని, చెక్‌సమ్ కూడా అదే వేసుకుంటే ప్రాసెసర్ ఆ పేజీని చూడనే చూడదు.

యోకెన్ లీడ్కే 1993లో, ఎల్4కు ముందరి ఎల్3 కెర్నెల్‌లో ప్రకటించిన కిటుకు ఇంకా పొదుపైనది. ఒక ప్రాసెస్ నుంచి ఇంకోదానికి సందేశం పంపాలంటే మామూలుగా రెండు కాపీలు: పంపేవాడి నుంచి కెర్నెల్‌కు, కెర్నెల్ నుంచి అందుకునేవాడికి. లీడ్కే అందుకునేవాడి చిరునామా ముక్కను పంపేవాడి పరిధిలోని ఒక కిటికీకి తాత్కాలికంగా అతికించి ఒకే కాపీతో ముగించాడు. 486 ప్రాసెసర్‌లో పై మెట్టు పేజీ టేబుల్ గీత ఒక్కటి 4 మెగాబైట్లకు సరిపోతుంది. కాబట్టి అతికించడమంటే ఒకటి రెండు పదాలు కాపీ చేయడమే. ఈ వరసలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఎక్కువ సాధించిన ఎత్తు ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

విండోస్ ఎన్‌టీలో హైపర్‌స్పేస్ అనే ప్రాంతం ఉండేది. పేజీని సున్నాలతో నింపడానికి, కొత్త ప్రాసెస్ చిరునామా పరిధిని తయారుచేయడానికి పేజీలను అక్కడికి కాసేపు తెచ్చేవారు. 32 బిట్ల ఆర్మ్ ఫోన్లలో కథ ఇంటెల్ లాంటిదే. అక్కడ నేరుగా అందేది సుమారు 760 మెగాబైట్లు. పాత ఆర్మ్ క్యాష్‌లు వర్చువల్ చిరునామాతో గుర్తుపెట్టుకునేవి కాబట్టి, ఒకే పేజీని రెండు చిరునామాల నుంచి చూస్తే రెండు రకాల డేటా కనిపించే ప్రమాదం అదనం.

కరువు లేనిచోట కూడా

చిరునామాలు సమృద్ధిగా ఉన్నా తాత్కాలిక మ్యాపింగ్ కావలసిన సందర్భాలు ఉన్నాయి. బూట్ మొదట్లో మెమరీ కేటాయింపు వ్యవస్థే లేవదు. అప్పుడు ఏసీపీఐ పట్టికలు చదవాలంటే ఫిక్స్‌మ్యాప్ అనే ముందే నిర్ణయించిన చిరునామాల మీదికి వాటిని తెచ్చుకోవాలి.

నడుస్తున్న కెర్నెల్ తన కోడ్‌ను తానే మార్చుకోవడం రెండో సందర్భం. కేప్రోబ్స్‌ను తీసుకోండి. దాని సోర్సు ఫైలు తల మీద తొలి రూపకర్తగా ఐబీఎం ఇండియాకు చెందిన వంశీకృష్ణ పేరు, 2002 అక్టోబరు తేదీ ఉంటాయి. నడుస్తున్న కెర్నెల్‌లో కోరిన ఆదేశం దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టి లోపలి సంగతులు చూపించే పనిముట్టు అది. బ్రేక్‌పాయింట్ అంటే కోడ్‌లో ఒక బైటు మార్చడం. కానీ కెర్నెల్ కోడ్ పేజీలు చదవడానికే తప్ప రాయడానికి తెరిచి ఉండవు. అందుకని అదే పేజీని రాయడానికి వీలుగా ఇంకో చిరునామాలో కాసేపు తెరుస్తారు. ఒకప్పుడు ఆ తలుపు అన్ని ప్రాసెసర్లకూ కనిపించేది. ఆ కాసేపట్లో దాడిచేసేవాడు ఇంకో ప్రాసెసర్ నుంచి దూరవచ్చు. 2019లో వచ్చిన 5.2 నుంచి రాసే ప్రాసెసర్ ఒక్కటే వేరే పేజీ టేబుళ్లలోకి మారి, అక్కడ రాసి, వెనక్కి వస్తుంది. మిగతావాటికి ఆ తలుపు ఉందనే తెలియదు.

64 బిట్ల తర్వాత

ఎక్స్86 64 బిట్ల లినక్స్‌లో, నాలుగు మెట్ల పేజీ టేబుళ్లతోనే, నేరుగా అతికించడానికి 64 టెరాబైట్ల చోటు ఉంది. హైమెమ్ అవసరం పోయింది. 2025లో వచ్చిన 6.15 కెర్నెల్, 32 బిట్ల ఎక్స్86లో 64 గిగాబైట్ల ర్యామ్ ఎంపికను తీసేసింది.

అయితే ర్యామ్ మొత్తం ఎప్పుడూ కళ్ల ముందు ఉండటమే తప్పేమో అన్న అనుమానం ఈలోగా బలపడింది. 2014లో వచ్చిన రెట్2డిర్ దాడి సరిగ్గా ఆ నేరు అతికింపునే వాడుకుంది. 2018లో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు, మ్యాప్ అయి ఉన్నది ఏదైనా పక్కదారిన కారిపోవచ్చని చూపించాయి. 2021లో వచ్చిన 5.14లోని మెమ్‌ఎఫ్‌డీ_సీక్రెట్ కొన్ని పేజీలను నేరు అతికింపు నుంచి తీసేస్తుంది; కెర్నెల్‌కు కూడా అవి కనిపించవు. చిరునామా పరిధుల విభజన మీద నడుస్తున్న ప్రతిపాదనలు, రహస్య పేజీలను కావలసినప్పుడు మాత్రమే మ్యాప్ చేసి వదిలేయాలంటున్నాయి. ఇరుకు వల్ల పుట్టిన పద్ధతి, విశాలమైన ఇంట్లోకి కాపలాగా తిరిగొస్తోంది.

ఇలాంటి కోడ్ రాసేవాళ్లు మనకు దూరంగా లేరు. ఫోను చిప్‌లకు కెర్నెల్ పని చేసే క్వాల్‌కామ్ వంటి సంస్థలకు హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి.  ఇంజనీరింగ్ కాలేజీలు మొయినాబాద్ చుట్టుపక్కల కూడా ఉన్నాయి. కనకమామిడిలో ఇంట్లో కూర్చుని 64 బిట్ల ల్యాప్‌టాప్ మీద చిన్న డ్రైవరు రాసే విద్యార్థి కేమ్యాప్_లోకల్_పేజ్ పిలిచి, వదలడం మరచిపోయినా ఏమీ కాదు. తిరుగు వరస తప్పినా ఏమీ కాదు. పేజీ చివర దాటి నాలుగు బైట్లు ఎక్కువ రాసినా అప్పటికప్పుడు ఏమీ కనిపించకపోవచ్చు. అవి పక్క పేజీలో ఎవరిదో డేటా మీద పడతాయి. ఆ డ్రైవరు ఎక్కడో 32 బిట్ల చిన్న బోర్డు మీద నడిచిన రోజు గాని తప్పు బయటపడదు.

దీనికోసం గ్లైక్స్‌నర్ మార్పులతో పాటే కెర్నెల్ కాన్ఫిగరేషన్‌లో డీబగ్_కేమ్యాప్_లోకల్_ఫోర్స్_మ్యాప్ అనే ఎంపిక వచ్చింది. అది పెట్టి కెర్నెల్‌ను మళ్లీ కట్టుకుంటే, చిరునామాలకు కొదవలేని ఆ ల్యాప్‌టాప్‌లోనే కెర్నెల్ కరువు నటిస్తుంది. ప్రతి పేజీకీ నిజంగా గది కేటాయించి, నిజంగా గీత రాస్తుంది. గదికీ గదికీ మధ్య ఒక గది ఖాళీగా వదులుతుంది. హద్దు దాటిన మొదటి బైటు ఆ ఖాళీలో పడుతుంది, యంత్రం అక్కడికక్కడే ఫాల్ట్ చూపి, ఏ ఫంక్షన్‌లో జరిగిందో లాగ్‌లో రాస్తుంది.